గోడవైపు మొహం

హనమేలు సున్నం వడగడుతున్నాడు. కుంటికాలు చాపుకుని, గుడ్డ మీద మిగిలిన పలుకుల్ని ఏరి పారేస్తున్నాడు. బలులర్పించే యాజకుల వంశంలోనే పుట్టాడు గాని, ఆ కాలు మూలాన బలిపీఠం దగ్గరికి ఏనాడూ పోనివ్వలేదు. యెరూషలేము దేవాలయం గోడలకు సున్నం వేయడమే అతనికి దక్కిన సేవ. గోళ్లు తెల్లబడిపోయి, ఎప్పుడు చూసినా పిండి కలుపుతూ మధ్యలో లేచొచ్చినవాడిలా ఉంటాడు.

ఈరోజు అతిపరిశుద్ధ స్థలం, అంటే దేవుడుండే చోటని ఎవరూ కన్నెత్తి చూడకూడని గది, దాని లోపలి గోడ బాగుచేయాలి. అక్కడికి తలుపులోంచి పోరు. పై అంతస్తులోని కంతలోంచి మనిషిని పెట్టెలో కూర్చోబెట్టి తాళ్లతో దించుతారు. చూపు అటూ ఇటూ పోకుండా పెట్టెకు మూడు వైపులా చెక్కలు, గోడవైపు మాత్రం ఖాళీ. ఈ పని వచ్చినప్పుడల్లా హనమేలుకు కడుపునొప్పి వచ్చేది. ఎవరూ ముట్టుకోకూడని దేవుని మందసం, అదే ఆయన ఆజ్ఞల పెట్టె, పడిపోబోతుంటే పట్టుకున్నవాడు అక్కడికక్కడే చచ్చాడని చిన్నప్పుడు నాయనమ్మ చెప్పింది. "మంచికే కదా పట్టుకున్నాడు?" అని అడిగితే ఆవిడ దీపం ఆర్పేసింది. ఆ భయం అలాగే ఉండిపోయింది. ఈసారి తోటివాళ్లిద్దరూ మైలలో ఉన్నారు, తప్పించుకునే దారి లేదు.

"కడుపునొప్పి రాలేదా బావా?" తాడు భుజాన వేసుకుంటూ అడిగాడు భార్య తమ్ముడు మల్కీయా.

"వచ్చిందిరా. ఎవడూ నమ్మట్లేదు."

భార్య తిర్సా తన పాత ముసుగు చింపి, సున్నం తుడుచుకోమని గుడ్డపేలిక చేతిలో పెట్టింది. "వెనక్కి మాత్రం చూడకయ్యా. నాకున్నది నువ్వొక్కడివే."

పెట్టె నేలకు జానెడు ఎత్తున ఆగింది. అక్కడ ఇనుము పనికిరాదు, చేతిలో ఉన్నది చెక్క తాపీ. దాని మీంచి సున్నం ముద్ద ఒకటి గోడపక్క సందులోంచి జారి నేల మీద పడింది. హనమేలు తాపీ పక్కన పెట్టాడు. వదిలేస్తే ఆ చోటును మురికి చేసినవాడవుతాడు. తుడవాలంటే ముట్టుకోవాలి.

పెట్టెలోనే బోర్లా పడుకుని, కళ్లు మూసుకుని, పేలికతో చెయ్యి కిందికి చాపాడు. నేల చల్లగా, తన ఇంటి గడప బండలాగే ఉంది. తుడిచాడు. చావలేదు. తుడవడం అయిపోయాక కూడా కాసేపు చెయ్యి అక్కడే ఉంచాడు.

ఇంటికొచ్చి పేలిక చిలక్కొయ్యకు తగిలించి, రొట్టె, ఉడికించిన పప్పు తిన్నాడు.

"వెనక నుంచి ఎవరో నా పని చూస్తున్నట్టు అనిపించిందే. చిన్నప్పుడు మా అమ్మ చూసేది చూడు, అలా."

"భయం పోయిందా మరి?"

"పోలేదు. కానీ పారిపోవాలనిపించలేదు."

అలా చెప్పి నడుం వాల్చాడు. పొద్దువాలాక తిర్సా లేపితే లేవలేదు.

"చూసుంటాడక్కా, అందుకే..." అన్నాడు మల్కీయా ఏడుస్తూ.

"నోర్ముయ్. చూస్తే నాకు చెప్పకుండా ఉంటాడా? ఆయన కడుపులో మాట ఎప్పుడు ఆగింది గనక!"

సమాధి చేసి వచ్చాక, ఇల్లు సర్దిన ఆడవాళ్లు ఆ పేలిక జోలికి పోలేదు. ఆ నేలను తాకిన గుడ్డ కదా. తిర్సాకూ భయమే. అందరూ వెళ్లాక దాని ముందు చాలాసేపు నిలబడి, చివరికి చెయ్యి చాపింది. ఎండిన సున్నంలో అతని వేళ్లు నొక్కుకున్న గుంటలు అలాగే ఉన్నాయి, ఆమె వేళ్లు పట్టేంత.