నేను అరిచిన పేరు

నేను ఒక డీజే బాక్సును. మీ వీధిలో పెళ్ళి బరాత్ వెళ్తుంటే కిటికీ రెక్కలు ఎవరి మూలంగా వణుకుతాయో, పక్కింటి పెద్దాయన ఎవరిని తిట్టుకుంటూ చెవుల్లో దూది పెట్టుకుంటాడో, అది నేనే. ఇప్పుడు పాత సామాన్ల కొట్లో రెండు తుప్పు కూలర్ల మధ్య బోర్లా పడి ఉన్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మంచిది కాదు. ఆ సంగతి ఎవరికైనా చెప్పుకోవాలనిపిస్తుంది కాని, కూలర్లకు ఆసక్తి లేదు.

హైదరాబాద్‌లో మొయిన్ అనే వడ్రంగి నన్ను చేశాడు. మంచి ప్లైవుడ్, పైన నల్లటి గుడ్డ, మూతికి ఇనుప జాలీ. గోదావరిఖనిలో సౌండ్ సర్వీసు నడిపే ఓదెలు వచ్చి నన్నూ నా తోబుట్టువులనూ కొని వ్యానెక్కించాడు. మొయిన్ నా వీపు తట్టి, "ఎంత అరిపించినా అలసిపోదన్నా ఇది" అని హామీ ఇచ్చాడు. అది విని నేను పొంగిపోయాను.

మొదట్లో నా బతుకు మర్యాదగానే గడిచింది. బతుకమ్మ పాటలు, అయ్యప్ప భజనలు, బొగ్గుబాయి కార్మికుల సమ్మె సభలు. ఏది పోస్తే అది ఒలకబోయడమే నా పని. మనుషుల గురించి నాకప్పుడే ఒక సంగతి అర్థమైంది. సొంత నోటితో అనలేని మాటలను నా చేత అనిపించి, నా ముందు చేతులు పైకెత్తి ఎగురుతారు. ఎవరైనా నిలదీస్తే "పాటే కదా" అంటారు.

రంజిత్ ఆ ఊరి కార్మికుల కాలనీ కుర్రాడు. ర్యాప్ పాటలు కట్టి ఫోన్లో పెట్టేవాడు. వాడి మొదటి పాట బొగ్గు దుమ్ముకు రాత్రంతా దగ్గే వాళ్ళ నాన్న మీద. ఎంత మంచి పాటో! దాన్ని ఒక్క పెళ్ళిలోనూ వేయమన్నవాళ్ళు లేరు. ఆ తర్వాత వాడు బస్టాండు దారిలో మందుల షాపులో పనిచేసే కావేరిని ఇష్టపడ్డానన్నాడు. ఆమె వద్దంది. వారం తిరక్కుండా రెండో పాట వచ్చింది. పల్లవిలో ఆమె పేరు, చరణాల్లో ఆమె నడత, ఆమె ఒళ్ళు. ఆ మాటలు ఇక్కడ మళ్ళీ చెప్పను. చెప్పినన్ని సార్లు చాలు.

ఆ ఏడు పెళ్ళిళ్ళ సీజనంతా అదే పాట. బరాత్‌లన్నీ బస్టాండు దారినే పోవాలి కనుక, ఓదెలు వ్యాను సరిగ్గా మందుల షాపు ముందు ఆగేది. కుర్రాళ్ళు లోపలికి వేలు చూపిస్తూ పల్లవి అందుకునేవాళ్ళు. నా దెబ్బకు అరల్లోని టానిక్ సీసాలు ఒకదానికొకటి తగిలి అంచుకు జరిగేవి. అవి పడి పగలకుండా కావేరి రెండు చేతులూ చాచి పట్టుకుని నిలబడేది. చెవులు మూసుకోవడానికి ఆమెకు చేతులు మిగిలేవి కావు.

కొన్నాళ్ళకు, షాపుకు కొత్తగా వచ్చినవాళ్ళు పేరడిగితే ఆమె "మాధవి" అని చెప్పడం మొదలుపెట్టింది. వీధిలో తనను పేరు పెట్టి పిలవొద్దని తల్లిని బతిమాలిందట. ఓదెలు భార్య అన్నం పెడుతూ ఈ సంగతి చెప్పి, "ఆ పాట బంద్ చెయ్యరాదు?" అంది.

"నేను రాసిన్నా ఏంది?" అన్నాడు ఓదెలు.

ఆ జవాబు నాకు హాయిగా అనిపించింది. రాసింది రంజిత్, వేసింది ఓదెలు, ఎగిరింది పెళ్ళివారు, నేను ఉత్త పెట్టెను. తప్పును ఇంతమంది పంచుకుంటే ఎవరి వాటా వాళ్ళకు కనిపించదు. అలా కనిపించకుండానే రోజులు గడిపాను, సిగ్గులేకుండా.

చివరికి ఆ పాట ఒక టీవీ ఛానల్ కంట పడింది. దాంతో ఊరికి హఠాత్తుగా కోపం వచ్చింది. నిన్నటిదాకా ఎగిరిన కాళ్ళే ఖండన సభకు నడిచాయి. కాలనీ సంఘం అధ్యక్షుడు వీరస్వామి కమ్యూనిటీ హాల్లో సభ పెట్టి, ధైర్యం చెప్పడానికని కావేరిని వేదిక మీద కూర్చోబెట్టాడు. రంజిత్ రాలేదు. వాడి తల్లి మల్లక్కను మాత్రం పిలిపించి ముందు వరుసలో కూర్చోబెట్టారు. సౌండ్ ఓదెలుదే, అంటే నాదే.

సభకు జనం చేరేదాకా పాటలు వేయడం మా దగ్గర ఆనవాయితీ. ఓదెలు అలవాటుగా ఒక కొత్త సినిమా పాట పెట్టాడు. కాదన్న పిల్లను ఇంటికొచ్చి ఎత్తుకుపోతాననీ, ఏడ్చినా వదలననీ హీరో పాడే పాట. అది రాసిన పెద్దాయన కిందటేడు ఊరికొస్తే ఇదే హాల్లో వీరస్వామే శాలువా కప్పాడు. ఇప్పుడా పాటకు వీరస్వామి కాలు ఊపుతున్నాడు. నేనూ హుషారుగానే అరిచాను.

పాట ఆగాక ఆయన మైకందుకుని రంజిత్‌ను కడిగేశాడు. వాడి జుట్టు బాగాలేదన్నాడు, వాడి బస్తీ బాగాలేదన్నాడు. ర్యాప్ అనేదే మన సంస్కృతి కాదన్నాడు. "గిసొంటోన్ని కన్న తల్లిని అనాలె ముందు!" అని ముగించాడు. చప్పట్లు మోగాయి. మల్లక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రెండు ముక్కలు మాట్లాడమని మైకు కావేరి చేతికిచ్చారు. ఆమె గొంతు నాలోంచి బయటికి రావడం అదే మొదటిసారి.

"రంజిత్ చేసింది తప్పు. వాన్ని నేను మాఫ్ చెయ్య. గాని వాళ్ళమ్మనెందుకు తిడుతుండ్రు? పాట ఆమె రాసిందా? ఇప్పుడు మీరు ఏసిన సిన్మా పాటల గూడ వద్దన్న పిల్లే ఉన్నది. ఆ పిల్లకు పేరు లేదు, గంతే ఫరక్. అది రాసినాయనకు శాలువ కప్పిండ్రు. నా పేరు మీద ఎగిరినోళ్ళు ఈ హాల్లనే కూసున్నరు. వాళ్ళను ఒక్కమాట..."

వీరస్వామి ఓదెలు వైపు చూసి అరచెయ్యి కిందికి దించాడు. ఓదెలు సౌండ్ మిక్సర్ మీద మీటను కిందికి జరిపాడు. నా నోరు మూసుకుపోయింది.

ఒక సీజనంతా ఆమెను తిట్టే పాటను ఒక్క అక్షరం తగ్గకుండా అరిచినవాణ్ణి. ఆమె సొంత మాట వచ్చేసరికి మధ్యలోనే ఆగిపోయాను. ఈసారి మాత్రం నా వాటా నాకు స్పష్టంగా కనిపించింది. జాలీ బద్దలు కొట్టుకుని అయినా ఆ మిగతా మాట అనాలనుకున్నాను. పెట్టెలకు అలా కుదరదు.

మూగబోయిన మైకును కావేరి బల్ల మీద పెట్టి, మాట్లాడుతూనే ఉంది. వెనక వరుసల్లోని ఆడవాళ్ళకు వినిపించలేదు. ఒకామె లేచి, కుర్చీ ఈడ్చుకుంటూ ముందుకు వచ్చింది. ఆమె వెనక ఇంకొకామె. హాలంతా కుర్చీల చప్పుడు. నా ముందు నుంచి జనం చెవులు మూసుకుని జరిగిపోవడమే నాకు తెలుసు. వినడానికి దగ్గరికి జరగడం నేనెన్నడూ చూడలేదు. మల్లక్క కూడా కొంగు తీసి తలెత్తింది.

షుగర్ మందుల కోసం షాపుకు వచ్చే ముసలమ్మ ఒకామె వేదిక అంచు పట్టుకుని అడిగింది. "నువ్వు మాధవివి గాదా బిడ్డా? నీ పేరేంది?"

హాల్లో కుర్రాళ్ళున్నారు, వాళ్ళకు పల్లవి నోటికి వచ్చు.

"కావేరి, పెద్దమ్మా."

ఎవ్వరూ పల్లవి అందుకోలేదు. ఆ పేరును నేను ఎన్ని వీధుల్లో అరిచానో. అంత మెల్లగా, అంత మామూలుగా పలకగలిగే పేరని నాకప్పటిదాకా తెలియదు.

ఆ తర్వాత కూడా నేను చాలా పెళ్ళిళ్ళలో మోగాను. ఆ సినిమా పాటనూ మోగించాను, వేస్తే మోగక తప్పదు కదా. ఇప్పుడు ఈ కొట్లో నన్నెవరూ ఏమీ అనమనడం లేదు. అనాల్సిన మాట ఒక్కటే మిగిలింది, కావేరితో. తప్పయింది తల్లీ అని. అది అనడానికి కూడా ఎవరో వచ్చి నాకు తీగ కలపాలి.