పదికి రెండే నొప్పి

ఆసుపత్రికి వెళ్ళే రోజున సంపూర్ణమ్మ పొద్దున్నే తలస్నానం చేసి, పెట్టెలోంచి జరీ అంచు చీర తీసి కట్టుకుని, రెండిడ్లీలు తిని, ఆ వెనకాలే ఒక నొప్పి బిళ్ళ మింగేది. ఈ బిళ్ళ సలహా మాణిక్యాంబ గారిది. ఆవిడ పక్కింట్లో ఉండే రిటైరైన టీచరు. బళ్ళో పిల్లల్ని ఎలా కూర్చోబెట్టారో వీధిలో ఆడవాళ్ళనీ అలాగే కూర్చోబెడతారు. అంత పెద్ద డాక్టరు గారి ముందుకి కుంటుకుంటూ, మూలుక్కుంటూ వెళ్ళడం ఏం మర్యాద అని ఆవిడ వాదన. చుట్టాలొస్తున్నారంటే ఇల్లు ఊడ్చుకోమా, ఇదీ అంతే అన్నారు. సంపూర్ణమ్మకి అది సబబుగానే తోచింది.

అసలు సంగతి వేరే ఉంది. ఆత్రేయపురం పక్కన వాళ్ళ ఊళ్ళో సంపూర్ణమ్మకి పూతరేకుల కుండ ఉంది. బోర్లించిన కుండ, దాని కింద కొబ్బరాకు మంట, ముందు చిన్న పీట, చేతి పక్కన జారుగా కలిపిన బియ్యప్పిండి. పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు వచ్చేస్తుంది. కాపరానికొచ్చిన కొత్తలో అత్తగారి పక్కన కూర్చుని నేర్చుకుంది. నలభయ్యారేళ్ళ కిందటి మాట. మొగుడు పోయినప్పుడు కూడా పెద్దకర్మ అయిన మూడో నాడే వచ్చి ఆ పీట మీదే కూర్చుంది. అక్కడ కూర్చుంటేనే తనెవరో తనకి గుర్తుంటుంది.

కిందటేడు వాళ్ళ వీధిలోనే చిన్నమ్మాయి అనే ఆవిడ మోకాళ్ళ నొప్పులని ఎక్కడో డాక్టరుతో ఉన్నదున్నట్టు చెప్పుకుంది. కింద కూర్చోవద్దని చీటీ మీద రాసిచ్చారు. కొడుకు ఆ చీటీ పట్టుకొచ్చి కుండని అటకెక్కించాడు. ఇప్పుడావిడ వీధరుగు మీద కూర్చుని వచ్చే పోయే ఆటోలు చూస్తోంది. అది రోజూ చూస్తోంది సంపూర్ణమ్మ. నొప్పి తగ్గాలి, కుండ మాత్రం పోకూడదు. నొప్పి ఎంతుందో చెబితే కుండ పోతుంది. కాబట్టి చెప్పకుండానే మందు రాయించుకోవాలి. ఇలాంటి మనిషికి ఏ డాక్టరు మాత్రం ఏం వైద్యం చేస్తాడో మీరే చెప్పండి.

రాజమండ్రి ఆసుపత్రిలో, ఓపీ దగ్గర, పావని అని ఒక ఫిజియోథెరపిస్టు ఉంది. పాతికేళ్ళుంటాయేమో. డాక్టరు గారు పిలిచేలోగా బెంచీ మీదున్న ప్రతి మామ్మగారినీ ఒకటే ప్రశ్న అడుగుతుంది. అస్సలు నొప్పి లేకపోతే సున్నా, ఇక భరించలేననిపిస్తే పది, మీదెంత అని. చేతిలో నవ్వు మొహాలూ ఏడుపు మొహాలూ గీసిన అట్ట ఒకటి. మొదటిసారి సంపూర్ణమ్మ రెండంది. రెండోసారీ రెండే అంది. సున్నా అంటే మరెందుకొచ్చావంటారు, ఆరో ఏడో అంటే ఎక్స్‌రేలంటారు. రెండు మర్యాదగా ఉంటుంది. రెండన్న వాళ్ళకి రాసే పూత మందూ కాల్షియం బిళ్ళలూ పుచ్చుకుని బస్సెక్కేసేది. బెంచీ మీద మిగతావాళ్ళూ తక్కువేం కాదు. ఒకావిడ ఒకటంటే ఇంకొకావిడ ఒకటిన్నర అనేది. ఈ జిల్లా ఆడవాళ్ళ ఎముకలు ఇనుముతో చేశారని పావని అనుకునేదో ఏమో, చెప్పిన అంకె చెప్పినట్టే రాసుకునేది.

మూడోసారి కథ అడ్డం తిరిగింది. పదకొండింటికి రావలసిన డాక్టరు చంద్రరావు గారు ఆపరేషన్‌లో ఇరుక్కుపోయారు. ఆరింటికి వేసుకున్న బిళ్ళ ఎంతసేపని కాపు కాస్తుంది పాపం. పన్నెండయ్యేసరికి ఎడమ మోకాలు సలపడం మొదలెట్టింది. ఒంటిగంటకి కుడిదీ అందుకుంది. అప్పుడు పావని, తన బల్ల దగ్గరికి రమ్మని పేరు పిలిచింది. సంపూర్ణమ్మ లేవబోయింది. రెండుసార్లు ప్రయత్నించింది గానీ మోకాళ్ళు మాట వినలేదు. ఫ్యాను గాలి బాగుందమ్మా, నువ్వే ఇలా వచ్చెయ్యి అంది.

పావని వచ్చింది. ఫ్యాను కింద కూర్చున్న మనిషి మొహాన చెమట చూసింది. బెంచీ అంచు పట్టుకున్న వేళ్ళు తెల్లబడిపోవడమూ చూసింది. ఈసారి అంకె అడగలేదు. పొద్దున్న ఏం తిన్నారని అడిగింది. ఇడ్లీ అని చెప్పింది సంపూర్ణమ్మ. ఆ తర్వాతో, అంది పావని. అంకెల్లో ఎంత అబద్ధమైనా ఆడగలదు గానీ తిండి దగ్గర సంపూర్ణమ్మకి అబద్ధం చేతకాదు. నొప్పి బిళ్ళ అనేసింది. నొప్పి చూపించుకోవడానికి వస్తూ అదెందుకండీ అంటే, మీ దగ్గరికి వస్తున్నాం కదమ్మా అంది. తోడొచ్చి పక్కనే కూర్చున్న మాణిక్యాంబ గారు అటు తిరిగి గోడ మీద పోస్టరు చదవడం మొదలుపెట్టారు.

పావని నవ్వలేదు, కోప్పడనూ లేదు. పక్కన కూర్చుని, ఇంట్లో ఏ పని చేస్తే నొప్పి ఎక్కువవుతుందో చెప్పమంది. అలా అడిగినవాళ్ళు ఇదివరకు లేరు. సంపూర్ణమ్మ కుండ గురించి చెప్పింది, పీట గురించి చెప్పింది. పని అయ్యాక కోడలు వినీల చూడకుండా గోడ పట్టుకుని లేవడం, లేచేముందు కాసేపు కళ్ళు మూసుకుని ధైర్యం తెచ్చుకోవడం, అన్నీ చెప్పింది.

“తొమ్మిదమ్మా. ఏడాదిగా తొమ్మిదే. ఇద్దరు పిల్లల్ని కన్నాను గనక పది అనలేకపోతున్నాను. చెబితే కింద కూర్చోవద్దంటారు. కుండ దగ్గర కూర్చోకపోతే నేనింక దేనికి?”

పావని పాత అంకెలు కొట్టేసి తొమ్మిది వేసింది. దాని కింద ఇంకేదో చాలాసేపు రాసింది. డాక్టరు గారు వచ్చాక కాగితం తనే లోపలికి పట్టుకెళ్ళింది.

చంద్రరావు గారు ఎక్స్‌రే తీయించారు, మోకాళ్ళు వంచి చూశారు, నొక్కి చూశారు. అరిగాయిగానీ ఇప్పుడే ఆపరేషన్ దాకా పోనక్కర్లేదని, ఒక ఇంజెక్షనూ రోజూ చేయాల్సిన వ్యాయామమూ సరిపోతాయని అన్నారు. అడక్కుండా బిళ్ళలు మింగొద్దన్నారు. ఆ తర్వాత, కింద కూర్చోవడం మానెయ్యాలి అన్నారు. సంపూర్ణమ్మ తల దించుకుంది. అనుకున్నంతా అయిందనుకుంది. చెప్పినందుకు తన నోటిని తనే తిట్టుకుంది.

డాక్టరు గారు పావని రాసింది ఇంకోసారి చదివారు. కుండ ఎత్తెంత, పొయ్యి ఎలా ఉంటుంది, చెయ్యి ఎటు నుంచి ఎటు లాగుతారు అని అడిగారు. చీటీ వెనక ఒక బొమ్మ గీశారు.

“మీరు కిందికి దిగొద్దండి. కుండనే పైకి తెచ్చుకోండి. ఇటుకలతో నడుమెత్తు దిమ్మ కట్టించి, కుర్చీలో కూర్చుని తీయండి.”

సంపూర్ణమ్మ ఆ బొమ్మని దగ్గరికి లాక్కుని చూసింది. అత్తగారు కిందే కూర్చుంది, ఆవిడ అత్తగారూ కిందే కూర్చుంది. పొయ్యి నేల మీదే ఉండాలని ఎవరూ చెప్పలేదు, ఉండక్కర్లేదనీ ఎవరికీ తట్టలేదు. కుర్చీలో ఉండగానే మోచెయ్యి ఎత్తి గాల్లో ఒకసారి లాగి చూసుకుంది. చెయ్యి బాగానే తిరిగింది. రేకు వస్తుంది, ఎందుకు రాదు. ఆవిడకి నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే కాసిని కన్నీళ్ళూ వచ్చాయి. ఆయ్, కట్టిస్తానండి అంది.

సంపూర్ణమ్మ పావని చెయ్యి పట్టుకుని బయటికొచ్చి, ఇక పదండి, రెండున్నర బస్సందుకుందాం అంది మాణిక్యాంబ గారితో. ఆవిడ లేవలేదు. మూడుసార్లూ తోడుకి వచ్చిన మనిషి, అరవై తొమ్మిదేళ్ళొచ్చినా నాకే జబ్బూ లేదని అందరితో చెప్పుకునే మనిషి, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చునే ఉన్నారు.

“పావనీ,” అన్నారు, బళ్ళో హాజరు పిలిచినట్టు. “నాకూ ఓ చీటీ రాయమ్మా. నడుము. ఎనిమిది.”

సంపూర్ణమ్మ నెమ్మదిగా ఆవిడ పక్కనే కూర్చుంది. ఆ బస్సు పోతే ఇంకో బస్సుంటుంది.