పుల్లమ్మ ఆటలో ఆరో మనిషి

పొద్దున్నే రాంబాబు నెట్ సెంటర్ షట్టర్ లేపేది పుల్లమ్మనే. సారపాకల బస్సులు ఆగే కాడ, జిరాక్స్ షాపు పక్కన, నాలుగు కంప్యూటర్ల కొట్టు అది. ఊడుస్తది, తడిబట్ట పెడతది, డబ్బా మానిటర్ల మీద దుమ్ము దులుపుతది, మౌసుల కింద గుండ్లు తీసి కొంగుతో తుడిచి మళ్ళ పెడతది. ఇగ ఆ తర్వాత చీపురు మూలకు నిలబెట్టి, చివరి కంప్యూటర్ ముందు కూసుంటది. ఆట ఆడనీకి.

ఆ ఆట సీడీ రాంబాబు హైదరాబాదు నుంచి తెచ్చిండు. మొదట్ల అది కంప్యూటర్ ఆటే కాదంట. దోస్తులు బల్ల చుట్టూ కూసోని, తమ తమ మనుషుల బలమెంత, తెలివెంత కాయితాల మీద రాసుకొని, పాచికలేసుకుంట ఆడేటోళ్ళంట. ఒకడు కథ చెప్తుంటే మిగిలినోళ్ళు "నేను తలుపు తన్నుత", "నేను చెట్టెక్కుత" అనుడు, పాచిక ఎట్ల పడితే గట్ల జరుగుడు. తర్వాత ఎవరో ఆ లెక్కలన్నీ కంప్యూటర్ల ఎక్కిచ్చిండ్రు. ఇప్పుడు పాచికలు లోపల్లోపలనే దొర్లుతయి. మనం ఆరుగురిని తయారు చేసుకోవాలె, పేర్లు పెట్టాలె, అడవులెంట గుహలెంట తిప్పాలె. వాళ్ళు అలిసిపోతే ఓ చోట ఆపి పండబెట్టాలె. కింద మూలకు చందమామ బొమ్మ ఉంటది. అది నొక్కితే వాళ్ళకు రాత్రంత గడిచిపోతది. చూసేటోళ్ళకు రెప్పపాటే.

ఆ నిద్ర బయట కూడ పనిచేస్తది. ఆటల ఎవరి పేరు పెడితే, వాళ్ళు ఎక్కడున్నా, ఏం చేస్తున్నా, నిలబడ్డ కాడనే, కండ్లు మూయకుండనే, ఆ రాత్రి నిద్రంత ఒంటికి పడతది. లారీ డ్రైవర్ మోతీ వచ్చి, "అక్కా, రాజమండ్రి లోడుంది, జర నన్ను పండబెట్టవా?" అని కొట్టుల ఉల్లిగడ్డలు అడిగినట్టు అడుగుతడు. ఒక్కోసారి నిద్ర నడుమల ఆటల తోడేళ్ళు మీద పడతయి. గట్లయితే నిద్ర చెడుతది, పండుకున్నోడు ఎక్కడున్నోడు అక్కడ ఉలిక్కిపడతడు. మర్నాడొచ్చి మోతీ గులుగుతడు. "ఏందక్కా, టీ తాగుతుంటే లేపితివి, గ్లాసు ఒళ్ళో పడె! జర మంచి జాగ చూసి పండబెట్టు."

"అవ్, నీకు పందిరి మంచం ఏపిస్త ఆగు," అంటది పుల్లమ్మ.

ఒకటే షరతు. ఆట ఎవరు ఆడుతున్నరో వాళ్ళే తమ చేత్తోటి పేరు కొట్టాలె. పక్కోడు కొడితే ఎక్కదు.

పుల్లమ్మ గోసంత అక్కడనే ఉంది.

ఆమె పెనిమిటి ఊరి బయట జామాయిల్ కట్టెను ముక్కలు చేసే మిషిను కాడ పనిచేస్తడు. బెల్టు మీద కట్టె పెట్టి నూకాలె, లోపల కత్తులు గిర్రున తిరుగుతుంటయి. రెండో పూట చేసే జోడీగాడు మిర్చి ఏరనీకి వైరా దిక్కు పోయిండు. మిర్చి కాలమొస్తే కూలోళ్ళు యాడ దొరుకుతరు? అందుకని రెండు పూటలూ ఆయననే. ఇంటికొచ్చి బువ్వ కలుపుకుంటనే కునుకుతడు, ముద్ద చేతిలనే ఉంటది. మొన్న చొక్కా చెయ్యి బెల్టుకు చిక్కి చినిగింది. అది కుడుతుంటే పుల్లమ్మకు సూదిల దారం ఎక్కలే. ఈసారికి చొక్కా చెయ్యి పోయింది. రేపు?

ఆయన పేరు ఆటల పెడితే అయిపోయె గదా! కానీ పెండ్లయిన కాడి నుంచి పుల్లమ్మ మొగని పేరు నోటితోటి అనలే. వాళ్ళ అడవి పల్లెల ఆడోళ్ళు అనరు. అంటే ఆయన ఆయుష్షు తరుగుతదని అమ్మ చెప్పింది. రేషన్ కాడ అడిగితే పక్కామెతోటి చెప్పిస్తది. రాసినా అన్నట్టే గదా?

"నా ఆటల పెడత తియ్ అక్కా, బావ పేరు," అన్నడు రాంబాబు.

"పెట్టినవ్ గదా ఓసారి. కనిపిచ్చిన రాక్షసున్నల్లా గెలుకుతవ్. ఒక్కనాడన్న పండబెట్టినవా?"

"వీరులు పండుకుంటరా అక్కా?"

"వీరుడివి నువ్వు. కండ్లు మండేది ఆయనకు."

ఓనాడు ఉపాయం చేసింది. ఇంట్ల పిలిచినట్టే 'దుర్గ నాయన' అని కొట్టింది. పేరు రాసే డబ్బా పొట్టిది, దుర్గ కాడనే ఆగిపోయింది. సాయంత్రం భద్రాచలం హాస్టల్ నుంచి బిడ్డ దుర్గ ఫోన్ చేసింది. "అమ్మా, నీ ఆట ఆపే! నిద్ర ఎక్కువై నాకు పిచ్చి లేస్తుంది. హాస్టల్ బట్టలన్నీ నేనే ఉతికిన." పుల్లమ్మ ఆ పేరు తీసేసింది. ఆరో జాగ ఖాళీగనే ఉండిపోయింది.

ఇగ ఇంకోనాడు మధ్యాహ్నం సద్ది పట్టుకొని మిషిను కాడికి పోయింది. ఆయన బెల్టు పక్కన నిలబడ్డడు. కండ్లు తెరిచే ఉన్నయి గానీ మనిషి లేడు అండ్ల.

"ఏందయ్యా, కండ్లు తెరుచుకొని పండుకుంటున్నవా?"

"లేదే. చూస్తున్న."

"ఏం చూస్తున్నవ్?"

ఆయన మళ్ళ బెల్టు దిక్కు చూసిండు. "ఏమో," అన్నడు.

"ఈ పూట ఇంటికి రా. నీకు దండం పెడత."

"నేనొస్తే బెల్టు కాడ ఎవరుంటరు, నువ్వుంటవా?" అని నవ్వబోయిండు. నవ్వనీకి కూడ ఓపిక లేక సగంల ఆపిండు.

పుల్లమ్మ తిరిగి సెంటర్ కి వచ్చింది. చెప్పులు బయట ఇడిచి కూసుంది. ఆరో మనిషి పేరు కాడ గీత టిక్కు టిక్కుమని కొట్టుకుంటుంది. పెదాలు గట్టిగ మూసుకుంది. ఒక్కొక్క అక్షరం వెతికి వెతికి వేలితోటి పొడిచింది. ఎంటర్ నొక్కంగనే బొమ్మ కింద పేరు పడ్డది. పుల్లమ్మ, మనిషే ఎదురుంగ వచ్చినట్టు, కొంగు తల మీదికి లాక్కుంది.

ఆరుగురినీ వాగు దాటిచ్చింది. వెనక గుట్ట ఉండేటట్టు చూసి ఆపింది. చందమామ నొక్కింది.

తెర నల్లబడ్డది. ఎంతసేపటికీ తెల్లారలే. ఎర్రక్షరాలు వచ్చినయి. తోడేళ్ళు.

ఐదుగురు లేచిండ్రు. ఆరో ఆయన లేవలే. పుల్లమ్మ ఆయన మీద నొక్కింది, మళ్ళ నొక్కింది. పండుకున్నోడు పండుకున్నట్టే ఉన్నడు. ఎన్నాళ్ళ నిద్ర అది, ఎందుకు లేస్తడు? ఓ తోడేలు మిగిలినోళ్ళను తప్పిచ్చుకొని ఆయన చెయ్యి దిక్కు ఉరికింది.

కుర్చీ వెనక్కి పడ్డది.

"దూలయ్యా!" అని ఒర్లింది పుల్లమ్మ. "ఓ దూలయ్యా! లే!"

రాంబాబు చేతిల చాయ్ గ్లాసు అట్లనే ఆగింది. తెర మీద ఆరో ఆయన లేచి నిలబడ్డడు. పుల్లమ్మ రెండు చేతులతోటి నోరు మూసుకొని, చెప్పులు కూడ ఏసుకోకుండ ఇంటికి పోయి, గడపల కూసుంది. ఎవరో ఒకరు ఉరుక్కుంట వస్తరు, చెప్తరు అని రోడ్డు దిక్కే చూసింది.

ఎవరూ రాలే. పొద్దు గూకే ఏళకు ఆయననే వచ్చిండు, నడుచుకుంట.

"జల్దీ వచ్చినవేంది?"

"మిషిను ఆపిండ్రు. చేతి తొడుగు కత్తులల్ల పడ్డది."

"చెయ్యి?"

బడిపిల్లగాడు గోర్లు చూపిచ్చినట్టు రెండు చేతులూ చూపిచ్చిండు, ఇటు తిప్పి అటు తిప్పి.

"కునుకు పట్టిందే. చెయ్యి కట్టెతోపాటే పోతుంటే కూడ తెల్వలే. ఎవరో పేరు పెట్టి పిల్చిండ్రు. ఉలిక్కిపడి గుంజుకున్న." పీట మీద కూలబడ్డడు. "మా అమ్మ పోయినంక నన్ను గట్ల పిల్చినోళ్ళు లేరు. గొంతు మాత్రం నీ గొంతు లెక్కనే ఉండె."

"నేనెందుకు పిలుస్తనయ్యా," అని పుల్లమ్మ బువ్వ పెట్టింది.

సగం తిన్నడు. పళ్ళెంల చెయ్యి పెట్టుకొనే గోడకొరిగి నిద్రపోయిండు. పుల్లమ్మ నీళ్ళు తెచ్చి, లేపకుండ ఆ చెయ్యి కడిగింది, ఒక్కొక్క వేలూ. అమ్మ చెప్పింది యాదికొచ్చింది. ఒక్కసారి పిలిస్తే ఎంత తరిగిందో, ఎంత కలిసిందో ఎవరికి ఎరుక?

వంగి చెవి కాడ మెల్లగ అన్నది. "దూలయ్యా."

ఆయన కండ్లు తెరవలే.

"ఊఁ," అన్నడు.