కాదనే మనిషి

మా వాళ్ళలో అడవి జంతువుల జాడ చదవడానికి ఇద్దరు వెళ్ళాలి. ఒకరు చూసింది ఇంకొకరికి చెప్పకుండా విడివిడిగా చూసి, తర్వాత ఒకచోట కూర్చుని పోట్లాడుకోవాలి. మాట కలవకపోతే మళ్ళీ వెళ్ళాలి. నాకు రెండో మనిషి మా చెల్లెలు. "అక్కా, నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు," అని జింకల జాడ మీద నన్ను దులిపేసేది. అది చనిపోయి నాలుగేళ్ళయింది.

ఆ ఏడే పరిశోధన కేంద్రం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఎండలు ముదిరేకొద్దీ జింకలు ఈనే కాలం మారుతోందా అన్నది ఆమె పరిశోధన. చెట్లకు కెమెరాలు కట్టింది, నా వెంట నడిచింది. మంచి పిల్ల. నేనేం చెప్పినా గంగిరెద్దులా తలూపి రాసుకునేది. నాకది మర్యాదగానే తోచింది. సాయంత్రం ఇంటికొచ్చి గోడలతో వాదించుకునేదాన్ని. గోడలూ కాదనవు.

ఈసారి కొండ దిగిన జాడ చూసి, "ఇంకా ఈనలేదు, చూలుతోనే నీళ్ళకు దిగాయి," అన్నాను. జింకలు ఈనే పై వాలులోకి మనుషుల్ని ఎప్పటినుంచి ఆపాలో ఆమె రాసే నివేదికను బట్టే నిర్ణయిస్తారు.

నివేదిక మీద సంతకానికి కేంద్రానికి వెళ్ళాను. ఆమె కాగితాలు తీస్తుంటే కంప్యూటర్ తెర మీద ఫోటోలు మారుతున్నాయి. అదే కొండదారి, అదే రోజు. జింకల పక్కన కూనలు. ఆ చిన్న గిట్టల గుర్తులు నా కంటికి ఆనలేదన్నమాట.

"ఇవి నివేదికలో లేవేం?"

ఆమె తల దించుకుంది. "మీ మాట కాదనడం ఎందుకని పక్కన పెట్టాను పెద్దమ్మా. కెమెరా కంటే మీకే ఎక్కువ తెలుసు కదా."

కోపం నషాళానికంటింది. "నా పరువు కోసం, పైన ఈనే జింకల మీదికి మనుషుల్ని తోలతావా?"

అరిచానే గానీ, వెంటనే ఏడుపొచ్చింది. ఇద్దరం చూస్తున్నామనుకుని నాలుగేళ్ళుగా నేనొక్కదాన్నే చూస్తున్నాను. పాత రాతల్లో ఇంకెన్ని తప్పులున్నాయో!

"నేను చెప్పింది తప్పు కదూ? నోరు తెరిచి చెప్పు."

ఆమె తెరను నా వైపు తిప్పింది. "తప్పే పెద్దమ్మా. మీరు పొరపడ్డారు," అంది.

నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

"ఇంకోసారి అను," అన్నాను.