ఉతికిన చొక్కాలు

తప్పులుంటే సర్దుకుని చదవండి. నాకు అక్షరాలు చాలా ఆలస్యంగా వచ్చాయి, ఒత్తులైతే ఇంకా దారిలోనే ఉన్నాయి. ఒక్కో వాక్యం రాసేలోపు ఒక కునుకు తీయొచ్చు. ఇది బొంతలక్క కథ. కొంత నేను చూసింది, మిగతాది ఆమె నాకు తర్వాత చెప్పింది.

ఆ రోజు పొద్దున్నించే బొంతలక్కకు చిర్రెత్తుకొస్తోంది. కత్తెర మొండికేసింది. మిషను మాటిమాటికీ దారం తెంపుతోంది. ఇవి చాలవన్నట్టు లెక్కల టీచరు దగ్గర్నుంచి మళ్ళీ ఫోను.

టీచరు వాళ్ళ నాన్న ఆ మధ్యే పోయాడు. ఆయన చొక్కాలన్నీ సంచిలో కుక్కి తెచ్చి, వాటితో అమ్మకు బొంత కుట్టిపెట్టమంది టీచరు. ఆయన పోయిన దగ్గర్నుంచి అమ్మ కంటి మీద కునుకు లేదు, ఇది కప్పుకుంటేనన్నా పడుకుంటుందేమోనని ఆమె ఆశ. అంతవరకూ బాగానే ఉంది. మొదట పాతకాలం బొంత కావాలంది. సగం ముక్కలు కత్తిరించాక మనసు మారి, కొత్త రకం కావాలంది. మధ్యలో అంతా బూడిదరంగు ఖాళీ, ఓ పక్కన ఏటవాలుగా కాసిని చొక్కా పట్టీలు, ఇస్త్రీ చేసినట్టు చదునుగా ఉండాలట. ఇప్పుడేమో కుట్టు మిషనుది వద్దు, చేతిదే కావాలంటోంది.

"పాతదీ కావాలి, కొత్తదీ కావాలి. మధ్యలో నా నడుం విరగాలి," అంది బొంతలక్క ఫోను పక్కన పడేసి.

మిషను దగ్గరున్న ఆడపడుచు తలెత్తకుండానే, "క్విల్టంటే అంతే వదినా. మన బొంతే, పట్నం వెళ్ళి పేరు మార్చుకొచ్చింది," అంది.

"నవ్వు, నవ్వు. ముక్కలుంటే వంకర కుట్టు వాటి చాటున దాక్కుంటుంది. ఖాళీలో ఎక్కడ దాక్కుంటుందే?"

సణుగుతూనే కుట్టింది. అంచు దగ్గర మొదలుపెట్టి చుట్లుచుట్లుగా లోపలికి రావడం అత్తగారు నేర్పిన పద్ధతి. ఆ చుట్లనే బూడిదరంగు మీద నడిపించింది, నీళ్ళలో చినుకు పడ్డట్టు. లోపల ఏకిన దూది బదులు కొట్లో దొరికే పలచటి దూదిపలక పరిచింది. అయ్యాక బల్ల మీద పరిచి చూసుకుంటే ఆమెకే ముచ్చటేసింది. ఫొటో తీయించి కొట్టు ముందర పెట్టుకోవాలనుకుంది.

మర్నాడు టీచరు తల్లిని వెంటబెట్టుకొచ్చింది. ముసలావిడ చారల చొక్కా పట్టీని గుర్తుపట్టి వేళ్ళతో నిమిరింది. తర్వాత బొంతను మొహానికి ఆనించుకుని గట్టిగా ఊపిరి పీల్చింది. ఇంకోచోట పీల్చింది. తిప్పి వెనక పక్క కూడా పీల్చింది.

"ఉతికావా అమ్మా?"

"ఉతక్కుండా ఎలా కుడతాను పెద్దమ్మా? రంగు దిగుతుంది, బట్ట కుంచించుకుపోతుంది. బాగా జాడించి, ఎండలో వేసి..." చెబుతూ చెబుతూ బొంతలక్క ఆగిపోయింది.

"బాగుంది," అంది ముసలావిడ. బొంతను శుభ్రంగా మడిచి కుర్చీలో పెట్టింది. "పద, ఇంటికి పోదాం."

"అదేంటమ్మా? ఉతికితే మంచిదేగా," అంది టీచరు.

"సబ్బు వాసన మనింట్లోనూ ఉందే."

వాళ్ళు వెళ్ళాక బొంతలక్క కోపం పట్టలేకపోయింది. "డిజైన్ కోసం వందసార్లు ఫోను చేసింది. వాసన సంగతి ఒక్కసారన్నా చెప్పిందా?"

"టీచరుకు మాత్రం ఏం తెలుసు? డిజైన్ గురించి మీరిద్దరూ కొట్టుకున్నారు. కప్పుకునే మనిషిని ఎవరడిగారు వదినా?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. సాయంత్రం కాకుండానే బొంత చంకన పెట్టుకుని టీచరు ఇంటికి వెళ్ళింది.

"ఆయనవి ఉతకనివి ఏమన్నా మిగిలాయా?"

"చొక్కాలన్నీ నీకే ఇచ్చాను. దుప్పట్లు, గలీబులు అప్పుడే ఉతికేశాను," అంది టీచరు.

"గలీబు సరే, దిండు?"

"మాసిపోయిందని పారెయ్యమన్నాను."

ముసలావిడ మెల్లగా లేచి లోపలికెళ్ళి పెట్టె మూత తీసింది. తల ఆనిన చోట గుంటపడ్డ పాత దూది దిండు తెచ్చింది. తెచ్చిందే గానీ ఇవ్వలేదు, గుండెకు అదుముకుని నిలబడింది.

"మా అత్తగారు పాత దిండ్ల దూది ఏకి బొంతలో వేసేది పెద్దమ్మా. ఇక్కడే, మీ కళ్ళ ముందే వేస్తాను. ఉతకను."

"మళ్ళీ ఏదన్నా చేస్తే?"

"ఈసారి నన్నే తిట్టండి."

చాలాసేపటికి దిండు చేతులు మారింది. బొంతలక్క కత్తెర తీసుకుని, తన జన్మలో ఎప్పుడూ లేనంత తిన్నగా కుట్టిన చుట్లను తనే తెంపింది. పుటుక్కుమన్నప్పుడల్లా పళ్ళు బిగపట్టింది. దూదిపలక లాగేసి, దిండు దూదిని వేళ్ళతో ఏకి, బూడిదరంగు కింద సర్దింది. పాత దూది కదా, చెప్పిన మాట వినలేదు. ఓ చోట ఉబ్బింది, ఓ చోట కుంగింది. మళ్ళీ వేసిన కుట్టు గుంటల్లో పడి లేస్తూ నడిచింది.

ముసలావిడ బొంత అందుకుని, ఉబ్బిన చోట మొహం దాచుకుంది. ఈసారి బాగుందనలేదు. మెడదాకా కప్పుకుని కుర్చీలో వెనక్కి వాలింది.

"మధ్యలో ఆ గడ్డేమిటి? ఈ డిజైన్‌కి ఖాళీ చదునుగా ఉంటేనే అందం," అంది టీచరు.

"నాకు మాత్రం తెలీదా? ఫొటో తీయించుకుందామనుకున్నాను. మీకన్నా నాకే ఎక్కువ ఏడుపొస్తోంది."

"అంచునన్నా కాస్త లాగి సరిచెయ్యకూడదూ?"

"లాగితే అటు గుంట పడుతుంది..."

గుర్రుమని చప్పుడైతే ఇద్దరూ తిరిగి చూశారు. ముసలావిడ నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

టీచరు గొంతు తగ్గించింది. బొంతలక్క సూది, కత్తెర ఏరుకుని, మడమలు నేల తాకకుండా గుమ్మం దాటింది.

"ఏమైంది వదినా?" అంది ఆడపడుచు.

"పాడైంది," అంది బొంతలక్క చెప్పులు విసిరికొట్టి. "తీసుకుంది."

రాసింది టీచరు వాళ్ళమ్మ. వయసు డెబ్బై రెండు. ఇప్పుడు కూతురి దగ్గరే, మేడ మెట్ల పక్క గదిలో ఉంటున్నాను. గురక సంగతి వాళ్ళిద్దరూ చెప్పిందే, నేను ఒప్పుకోలేదు.