ఇంటికొక్కరు

అయినా ఇంటికొక్కరు పోతే చాలన్న లెక్క కోర్టుకు కూడా నడుస్తుందని ఈ మనిషికి ఎవరు చెప్పారు? చావుకు ఇంటికొక్కరు, పెండ్లికి ఇంటికొక్కరు, కులపోళ్ల మీటింగుకు ఇంటికొక్కరు. సరే. కానీ బీడీలు చుట్టీ చుట్టీ వంకరపోయినవి రాజలక్ష్మి వేళ్లు. వికలాంగుల పింఛను ఆగిపోయింది ఆమెకు. దావా ఆమె పేరు మీద. తీరా చూస్తే కోర్టు చుట్టూ తిరిగింది మొగుడు జలపతి.

కోరుట్లలో బస్సెక్కినప్పటి నుంచి ఆమె మనసును ఇదే పట్టుకుని గుంజుతోంది. పక్క సీట్లో మొగుడు ఇస్త్రీ చొక్కాలో, పెండ్లికి పోతున్నవాడిలా హాయిగా ఉన్నాడు.

“దవాఖానల డాక్టరు చేతులు చూపమంటే నీ చేతులు చూపినవా?”

“చూపమన్నడు, చూపిన.”

“ఏమన్నడు?”

“మంచిగనే ఉన్నయన్నడు.”

ముందు సీటు ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“మరి జడ్జి సారు ఎవర్ని రమ్మన్నడు?”

“మనల్నే. ఒక్క వాయిదన్న తప్పిననా నేను?”

“నన్నా, నిన్నా?”

“నువ్వు వేరు, నేను వేరా?”

ఇంత ప్రేమగా కొంప ముంచేవాణ్ణి ఏమని తిట్టాలో ఆమెకు తోచలేదు. వకీలు సతీశ్ మాత్రం తక్కువ తిన్నాడా? సిరిసిల్ల కేసులు చూసుకుని ఆఖరుకు ఉరుక్కుంటూ వచ్చి, “అంతా అయిందా బావా?” అనేవాడు. “అయింది” అనేవాడు ఈయన. అట్లా అయీ అయీ, వైద్యుల ముందు ఆమె స్వయంగా హాజరు కావాలని ఎన్నిసార్లు ఆదేశించినా పాటించలేదని కోర్టు దావా కొట్టేసింది. దాన్ని మళ్లీ తెరవమని పెట్టుకున్న దరఖాస్తు ఈరోజు విచారణకు వస్తుంది. ఇదీ పోతే పింఛను మీద ఆశ వదులుకోవడమే. “అక్కా, ఇయ్యాల నువ్వు రాకుంటే నేను గూడ రాను” అని సతీశ్ ఫోన్లో తెగేసి చెప్పాడు.

కోర్టు ఉన్న జగిత్యాల దగ్గరపడుతుంటే కోపం ఎందుకో పలచబడింది. దాని కింద ఉన్నది కనిపిస్తుందేమోనని ఆమె దాన్ని మళ్లీ రాజేసుకోవాలని చూసింది. కుదరలేదు. మొదటి వాయిదా రోజు తనూ చీర కట్టుకుని తయారైంది. గడప దాకా వచ్చింది. తెలియని మగవాళ్ల ముందు, కోడికాళ్లలాంటి ఈ వేళ్లు చాపాలా? అక్కడే కాళ్లు ఆగిపోయాయి. “నువ్వే పో, ఇంటికొక్కరు సాలు” అన్నది తనే. జలపతి ఆ మాటను ఇప్పటిదాకా మోస్తున్నాడు, అంతే. ఇంట్లో కూడా ఆ చేతులెప్పుడూ కొంగు కిందే. ఇప్పుడూ కొంగు కిందే.

కోర్టు హాలు బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. సతీశ్ ముందు నిలబడి ఏదో చెబుతున్నాడు. జడ్జి తల ఎత్తకుండానే, “ఆమె వచ్చిందా?” అన్నాడు.

బంట్రోతు పేరు పిలిచాడు. అలవాటుగా జలపతి లేచాడు.

“కూసో” అంది రాజలక్ష్మి.

అతను కూర్చోలేదు. ఆమె వంకర వేళ్లను కొక్కెంలా అతని చొక్కాకు తగిలించి కిందికి గుంజింది. తర్వాత తను లేచి, కొంగులోంచి రెండో చెయ్యి కూడా బయటికి తీసి, రెండు చేతులూ అందరికీ కనిపించేలా ముందుకు చాపింది.