ముందుగా ముడుచుకున్న మొక్కజొన్న

మా ఆయన తప్పు చేయరు. తప్పులే వచ్చి ఆయన దారికి అడ్డం పడతాయి. కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోతే, గుర్తుచేయని నేరం నాది. ఆ రోజూ అవి పట్టుకుని ఆయన పరిశోధన కేంద్రానికి వెళ్లేసరికి, మొక్కలు పెంచే గాజుగదిలో బావామరదళ్ల పోరు నడుస్తోంది. మరదలంటే నా చెల్లెలే. ఆయన కిందే పనిచేస్తోంది.

రెండు వరుసల మొక్కజొన్న కుండీలు. ఒక వరుసకు, మొక్కలు చిన్నగా ఉన్నప్పుడే, చెల్లెలు ఒకసారి నీళ్లు ఆపి మళ్లీ పోసింది. ఆ కరువును అవి గుర్తుంచుకుంటాయని దాని వాదన. ఇప్పుడు రెండు వరుసలకూ నీళ్లు బంద్. కరువు చూసిన మొక్కల ఆకులు అప్పుడే గొట్టాల్లా చుట్టుకుపోయాయి. రెండో వరుస మాత్రం దర్జాగా నిలబడి ఉంది.

"చూశావా, గుర్తుంచుకునేవే ముందు పడకేశాయి. రేపు ఇవన్నీ తీసేయించి గది వేరేవాళ్లకిచ్చేస్తా," అన్నారాయన.

చెల్లెలి మొహం వాడిపోయింది. దాని పరిశోధనంతా ఆ కుండీల్లోనే ఉంది.

"పడకెయ్యలేదు బావగారూ, తలుపులేసుకున్నాయి! నేల ఎండుతోందనగానే ఓ హార్మోను ఆకులకి కబురు చేరుస్తుంది. అవి చుట్టుకుని, రంధ్రాలు మూసుకుని నీటిని దాచుకుంటాయి. పోయినసారి పనిచేసిన జన్యువులు ఈసారి సగం సిద్ధంగానే ఉన్నాయి, అందుకే ముందు మేల్కొన్నాయి. నీళ్లు పోసేదాకా ఆగండి."

"కథలు బాగా చెప్తావ్."

నేను కళ్లద్దాలు ఆయన చేతికిచ్చాను. "ఒళ్లంతా సబ్బుతో ఉండగా కొళాయి ఆగిపోయిన రోజు నుంచి, అది కాస్త బుస్సుమంటే చాలు, 'బకెట్లు నింపు!' అని వీధంతా వినపడేలా అరిచేదెవరండీ?"

చెల్లెలు నవ్వు ఆపుకోలేక కుండీల వైపు తిరిగింది. ఆయన గడువిచ్చారు, మొక్కల మీద జాలితో కాదు, నా నోటికి జడిసి.

నీళ్లు పోసిన మర్నాడు, ఆయన కళ్లద్దాలు మరిచిపోకపోయినా నేను వెళ్లాను. దర్జా వరుస ఉన్న నీళ్లన్నీ ఖర్చుపెట్టేసుకుని కుండీల అంచుల మీద వాలిపోయింది; ఇక లేవలేదు. చుట్టుకున్న ఆకులు మాత్రం విప్పుకుని పచ్చగా నిలబడ్డాయి. నీళ్లు ఆపిన రోజుల్లో తీసిన ఆకుముక్కల పరీక్షలోనూ అదే తేలింది: కణాలను కాపాడే ప్రోటీన్లు చేయించే జన్యువులు ఆ వరుసలోనే ముందుగా, జోరుగా పనిచేశాయి.

ఆయన ప్రతి కుండీ దగ్గరా వంగి చూశారు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు.

"పొరబడ్డాను," అని గొణిగారు.

"మొక్కలకి వినపడలేదు బావగారూ."

ఆయన గొంతు సవరించుకుని, గాజుగోడలు అదిరేలా అన్నారు: "పొరబడ్డానమ్మా, నేనే పొరబడ్డాను! గది నీదే!"